రెమిషన్‌ రోజులు ప్రభుత్వ కానుక కావు

ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26 దగ్గరపడుతున్నాయంటే చర్లపల్లి నుంచి రాజమహేంద్రవరం దాకా కేంద్ర కారాగారాల్లో ఒకటే చర్చ. ఈసారి ఖైదీల విడుదల జీవో వస్తుందా? వస్తే జాబితాలో పేరుంటుందా? ములాఖత్‌కు వచ్చిన తల్లీ, భార్యా అడిగేదీ అదే. జీవో వస్తే విడుదల, రాకపోతే మరో పండుగ దాకా ఎదురుచూపు. ఏళ్ల తరబడి జైల్లో పనిచేసి, క్రమశిక్షణతో మెలిగిన మనిషి విడుదల తేదీ ఇలా సచివాలయం నిర్ణయం మీద వేలాడటం చట్టం ఉద్దేశం కాదు. శిక్ష తగ్గింపు (రెమిషన్‌) ఖైదీ తన నడవడికతో సంపాదించుకునేది. దానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్కను ప్రభుత్వాలు దయాదాక్షిణ్యంగా మార్చేసినందువల్ల ఖైదీలే కాదు, నేర బాధితులూ నష్టపోతున్నారు.

మార్కులతో మొదలైన లెక్క

ఖైదీలకు మార్కులు వేయడం, వాటిని బట్టి శిక్షా కాలాన్ని కుదించడం: రెమిషన్‌ పద్ధతికి 1894 నాటి జైళ్ల చట్టం ఇచ్చిన నిర్వచనం ఇదే. రాజ్యాంగం జైళ్లను రాష్ట్రాల జాబితాలో నాలుగో అంశంగా చేర్చింది. అందుకే ఎవరికి ఎన్ని రోజులు, ఏ నేరానికి మినహాయింపు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2016లో కేంద్రం రూపొందించిన నమూనా జైలు మాన్యువల్‌ ప్రకారం మంచి నడవడికకు నెలకు మూడు రోజులు, అప్పగించిన పని సరిగా చేసినందుకు మరో మూడు రోజులు కలుస్తాయి. ఏడాదంతా ఏ జైలు నేరమూ చేయకుండా ఉంటే ఇంకో 30 రోజులు. తోటి ఖైదీలకు చదువు చెప్పినా, ఒకరి ప్రాణం కాపాడినా ప్రత్యేక రెమిషన్‌కు అవకాశముంది. తప్పు చేస్తే సంపాదించిన రోజుల్లో కోత పడుతుంది.

పదేళ్ల శిక్ష పడినవారికి ఈ కూడికలు, తీసివేతలు సూటిగా విడుదల తేదీని చూపిస్తాయి. చిక్కంతా జీవిత ఖైదీలతోనే. యావజ్జీవం అంటే 14 ఏళ్లని, 20 ఏళ్లని జనంలో నానుడి. గోపాల్‌ వినాయక్‌ గాడ్సే కేసులో 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది: యావజ్జీవం అంటే బతికినంత కాలం. జీవిత ఖైదీ పేరిట రెమిషన్‌ రోజులు ఎన్ని పోగుపడినా, మిగిలిన శిక్షను ప్రభుత్వం ప్రత్యేకంగా ఆదేశమిచ్చి రద్దు చేస్తేనే అతను బయటికొస్తాడు. మరణశిక్షకు కూడా అవకాశమున్న నేరాల్లో యావజ్జీవం పడినవారు కనీసం 14 ఏళ్లు జైల్లో గడపాలంటూ 1978లో నేరశిక్షా స్మృతికి 433ఎ సెక్షన్‌ చేర్చారు. 1980లో మారూరామ్‌ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇప్పుడదే నిబంధన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహితలో 475వ సెక్షన్‌.

అంటే ఖైదీ పోగుచేసుకున్న రోజులకూ విడుదలకూ నడుమ ప్రభుత్వ విచక్షణ అనే గేటు ఉంది. రాజకీయం చొరబడేది అక్కడే.

గేటు తెరిచింది ఎవరికోసం?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఎమ్మెల్యే భర్తకు గవర్నర్‌ పేరిట శిక్ష తగ్గించారు. అధికారుల నివేదికల్లో ఆయన మంచి కాంగ్రెస్‌ కార్యకర్త అన్న మాట కూడా చేరింది. ఏపూరు సుధాకర్‌ కేసుగా పేరుపడిన ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు 2006లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. కులం, మతం, రాజకీయ విధేయత శిక్ష తగ్గింపునకు ప్రాతిపదికలు కాజాలవని స్పష్టం చేసింది. 2022 ఆగస్టు 15న గుజరాత్‌ ప్రభుత్వం బిల్కిస్‌ బానో కేసులో 11 మంది దోషులను వదిలేసింది. విచారణ జరిగి శిక్ష పడింది మహారాష్ట్రలో కనుక ఆ అధికారమే గుజరాత్‌కు లేదని సుప్రీంకోర్టు 2024 జనవరి 8న తేల్చి, వారిని తిరిగి జైలుకు పంపింది. తన జీవితాన్ని ఛిద్రం చేసినవారు స్వాతంత్య్ర దినోత్సవాన బయటికి నడిచి రావడం, దండలు వేయించుకోవడం చూసిన ఆ మహిళకు చట్టం మీద నమ్మకం ఎలా నిలుస్తుంది?

ఇలాంటి ప్రతి ఉదంతం తర్వాత శిక్ష తగ్గింపే వద్దనే వాదన బలపడుతుంది. ఆ కోపం అర్థమవుతుంది. కానీ దాని దెబ్బ పడేది పలుకుబడి ఉన్నవారి మీద కాదు. లాయరును పెట్టుకోలేక, దరఖాస్తు చేయడం తెలియక బ్యారక్‌లో మిగిలిపోయిన పేద ఖైదీ మీద. లోపం తగ్గింపు పద్ధతిలో లేదు, దాన్ని గుట్టుగా నడపడంలో ఉంది.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ లోపాన్నే పట్టుకుంది. రాష్ట్రంలో విధానం ఉన్నప్పుడు, అర్హత వచ్చిన ప్రతి ఖైదీ పేరును అతను అడగకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలంది. ఇచ్చినా, నిరాకరించినా కారణాలు రాయాలంది. ఇచ్చిన తగ్గింపును నోటీసు లేకుండా, ఖైదీ వాదన వినకుండా రద్దు చేయరాదంది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 213 మందిని విడుదల చేసింది. అది మంచి నిర్ణయమే. ఇకమీదట అలాంటి నిర్ణయం అరుదైన వార్తగా కాక, నెలనెలా సాగే పనిగా మారాలి.

వర్జీనియా చెప్పే పాఠం

రోజుల లెక్కను చట్టంలోనే రాస్తే చాలా? అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం ఆ పని చేసింది. అంతకుముందు జైల్లో గడిపిన ప్రతి 30 రోజులకు గరిష్ఠంగా నాలుగున్నర రోజులే తగ్గేవి. 2020లో ఆమోదించిన చట్టం దాన్ని 15 రోజుల దాకా పెంచింది. హత్య, అత్యాచారం వంటి నేరాలను మాత్రం ఆ పెంపు నుంచి మినహాయించింది. 2022 జూలై 1 నుంచి అమలు. తీరా ఆ రోజు రాబోతుండగా, పెంపు వర్తించే నేరాలకూ, మినహాయించిన నేరాలకూ కలిపి శిక్ష అనుభవిస్తున్నవారికి కొత్త లెక్క వర్తించకుండా బడ్జెట్‌ సవరణతో అడ్డుకట్ట వేశారు. విడుదల తేదీ తెలిసి ఏర్పాట్లు చేసుకున్న కుటుంబాలు హతాశమయ్యాయి.

అంకె చట్టంలోకి ఎక్కితే సరిపోదు, మాట నిలబడాలి. నేరం జరిగిన తర్వాత చేసిన చట్టంతో ఆ ఖైదీ తగ్గింపు రోజులకు కోత పెట్టరాదని ఫ్లోరిడా రాష్ట్రానికి చెందిన ఒక కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. శిక్ష పడిన నాటి విధానమే వర్తిస్తుందని, తర్వాత వచ్చిన విధానం మరింత ఉదారంగా ఉంటే ఆ మేలూ ఖైదీకి దక్కాలని మన సుప్రీంకోర్టు 2010లో జగదీశ్‌ కేసులో తీర్పిచ్చింది.

కేంద్రం 2023లో నమూనా జైళ్ల చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. దాన్ని ఆధారం చేసుకుని రెండు తెలుగు ప్రభుత్వాలూ తమ శాసనసభల్లో చర్చించి, శిక్ష తగ్గింపును జీవోల నుంచి చట్టంలోకి తేవాలి. ఎన్ని రోజులు వచ్చాయో, ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో ఆరు నెలలకోసారి ప్రతి ఖైదీకి తెలుగులో రాసి ఇవ్వాలి. శిక్ష తగ్గింపును పరిశీలించే సంఘం పండుగలతో నిమిత్తం లేకుండా సమావేశం కావాలి. శిక్ష వేసిన న్యాయస్థానం అభిప్రాయాన్ని మొక్కుబడిగా కాక నిజంగా తీసుకోవాలి. బాధితులకు ముందుగా తెలియజేసి, వారి మాట వినాలి. నిర్ణయాలను, కారణాలను ప్రజల ముందుంచాలి.

మారితే బయటికి దారి ఉందని ఖైదీకి మాటిచ్చింది ప్రభుత్వమే. న్యాయం జరుగుతుందని బాధితురాలికి మాటిచ్చిందీ ప్రభుత్వమే. లెక్క అందరికీ కనపడేలా ఉంటే ఒకరికిచ్చిన మాట కోసం మరొకరికిచ్చిన మాట తప్పే అవసరం రాదు.