మార్గదర్శి వెంట ఒక రోజు

దేశాటనం వలన లోకజ్ఞానం కలుగుతుందని పెద్దలు చెబుతారు. అయితే చూచినంత మాత్రాన జ్ఞానం కలుగదు. చూచినదానికి అర్థం చెప్పేవారు ఒకరు ఉండాలి. అడిగి తెలుసుకోవాలనే ఆసక్తి చూచేవారిలో ఉండాలి. ఈ రెండూ కలిసినప్పుడే యాత్ర చదువుతో సమానమవుతుంది.

ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి పేరు చెప్పగానే నల్లని గ్రానైటు రాయి గుర్తుకు వస్తుంది. ఆ నలుపులో బంగారు రవ్వల వంటి చుక్కలు మెరుస్తాయి. అందుచేతనే దానిని ‘బ్లాక్ గెలాక్సీ’ అంటారు. ఈ రాతిని కొనే దేశాలలో చైనా ఒకటి. ఆ దేశపు ఆగ్నేయ తీరంలోని షియామెన్ నగరంలో రాతి వ్యాపారులకు పెద్ద ప్రదర్శన జరుగుతుంది. అక్కడికి వెళ్లినవారు బేరం ముగించుకొని మరునాడే తిరుగు విమానం ఎక్కితే, వారు చూచినది బజారునే గాని దేశాన్ని కాదు.

షియామెన్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో చువాన్‌జౌ అనే ప్రాచీన రేవు పట్టణం ఉన్నది. సోంగ్, యువాన్ వంశాల కాలంలో అది ప్రపంచంలోని గొప్ప ఓడరేవులలో ఒకటి. అక్కడి 22 కట్టడాలను, స్థలాలను కలిపి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ పట్టణాన్ని చూడడానికి ఒక రోజుకు సొంతంగా గైడును కుదుర్చుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇది ధనవంతుల విలాసమని కొందరు ఆక్షేపించవచ్చు. గుంపుతో పోయే యాత్ర కంటె దీనికి ఖర్చు ఎక్కువే. కాని నలుగురు స్నేహితులు పంచుకొంటే భారం తగ్గుతుంది. గుంపులో జెండా వెనుక పరుగెత్తడమే సరిపోతుంది. సొంత గైడు ఉంటే నచ్చిన చోట నిలబడవచ్చు, తోచిన ప్రశ్న అడగవచ్చు. కమీషను కోసం దుకాణాల వెంట తిప్పే గైడులూ లేకపోలేదు. చూడవలసిన స్థలాలను ముందే నిర్ణయించుకొంటే ఆ బాధ ఉండదు.

చువాన్‌జౌలో కైయువాన్ అనే బౌద్ధాలయం ఉన్నది. దానిని 686లో స్థాపించారు. ఆవరణలోని రెండు ఎత్తైన రాతి గోపురాలు 13వ శతాబ్దానివి. తెలియనివారు వాటిని చూచి, మందిరంలో నమస్కరించి వెళ్లిపోతారు. తెలిసిన గైడు మందిరం వెనుకవైపుకు తీసుకుపోయి రెండు స్తంభాలను చూపుతాడు. వాటిపై నరసింహుడు, శ్రీకృష్ణుడు ఉంటారు! యువాన్ కాలంలో తమిళ వర్తకులు ఆ పట్టణంలో శివుని ప్రతిష్ఠించినట్లు 1281 నాటి శాసనం తెలుపుతున్నది. అది తమిళ, చైనా భాషలలో ఉన్నది. హిందూ ఆలయం శిథిలమైన తరువాత దాని శిల్పాలు కొన్ని బౌద్ధుల మందిరంలో చోటు చేసుకొన్నాయి.

గైడు ఇంతవరకు చెప్పగలడు. ఆ నరసింహుడు స్తంభం నుండి ఎందుకు వెలువడ్డాడో, ప్రహ్లాదుడు ఎవరో చెప్పవలసినవాడు యాత్రికుడే. సింగరాయకొండ నరసింహస్వామిని సేవించినవానికి ఆ కథ కొత్త కాదు. ఒకరు స్థలచరిత్ర చెబుతారు, మరొకరు పురాణం చెబుతారు. అప్పుడు ఇద్దరూ గురువులే, ఇద్దరూ శిష్యులే. తన ఊరిని గురించి ఏమీ తెలియనివానికి పరాయి ఊరు కూడ సగమే అర్థమవుతుంది.

ఈ మాటకు మరొక నిదర్శనం కూడ ఉన్నది. ఆనాటి విదేశీయులు చువాన్‌జౌను ‘జైతూన్’ అని పిలిచేవారు. మార్కోపోలో 1292 ప్రాంతంలో స్వదేశానికి ఓడ ఎక్కినది ఆ రేవులోనే. అతని గ్రంథంలోనే ‘ముత్ఫిలి’ అనే రాజ్యం, అక్కడి రాణి పాలన, వజ్రాలు, సన్నని వస్త్రాల వర్ణన ఉన్నది. ఆ ముత్ఫిలి మన మోటుపల్లి. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు భావిస్తున్నారు.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో ఉన్నది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోనని కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. సముద్రం మీద సర్వస్వం పోగొట్టుకొన్న పరదేశికి ఒక తెలుగు రాజు ఇచ్చిన మాట అది. చీమకుర్తి నుండి అక్కడికి ఒక పూట ప్రయాణం.

రాయి కొనడానికి మన ప్రాంతానికి వచ్చిన చైనా వర్తకుడు, “ఇక్కడ చూడదగినదేమి?” అని అడిగితే మనం ఏమి చూపుతాం? రాతి గనిని మాత్రమే చూపి పంపుతామా? మోటుపల్లికి తీసుకుపోయి, శాసనం ముందు నిలిపి, దాని భావం చెప్పగల యువకుడు మనలో ఒక్కడైనా ఉండాలి గదా! గనిలోని రాయి ఒకసారే అమ్ముడుపోతుంది. ఊరి చరిత్ర ఎందరికి చెప్పినా తరగదు.

కనుక విద్యార్థులు విదేశయాత్రకు ముందు తమ జిల్లాను ఒకసారి చూడాలి. శాసనం ఏమి చెబుతున్నదో తెలుసుకొని, తోటివారికి వివరించడం అభ్యసించాలి. ఒక విదేశీ భాషను కూడ నేర్చుకొంటే అది జీవనోపాధి కాగలదు. అటువంటి యువతీయువకులు చువాన్‌జౌ వెళ్లిననాడు గైడును ఏమి అడగాలో వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.