విత్తనము పొలములోనే బ్రతుకవలెను

సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతపు మెట్టచేలలో, కోతకు ముందే చేనంతయు కలియదిరిగి, పురుగు సోకని నిండు వెన్నులను మాత్రమే ఏరి, విడిగా ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి, అలికిన బుట్టలలో భద్రపఱచు స్త్రీలలో పెక్కుమంది దళితులు, సన్నకారు రైతులు. 1983లో స్థాపింపబడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో వారు ఊరూర సంఘములుగా ఏర్పడి, విత్తనమును ఊరి ఉమ్మడి సొత్తుగా చేసికొనిరి. విత్తనము తీసికొన్న ఇల్లు పంట రాగానే అంతకు మించి కొలిచి తిరిగి యిచ్చును, రొక్కముతో పనిలేదు. సంక్రాంతి మొదలు ఎడ్లబండ్లపై ఈ విత్తనములు ఊరూరు తిరుగు పాతపంటల జాతర ఆ ప్రాంతమున ప్రసిద్ధము. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ఈ కృషికి ఈక్వేటర్ పురస్కార మొసగినది.

మృగశిర కార్తెను నమ్మి దుక్కి దున్నిన రైతునకు నేడా నమ్మకము చెల్లకున్నది. విత్తిన పిదప వారముల తరబడి చినుకు లేకపోవుటయు, కోతవేళ ఒక్క రాత్రిలో కుంభవృష్టి కురియుటయు సామాన్యమైనవి. ఇట్టి కాలమున జొన్న సాళ్ల నడుమ కంది, అనుము, పెసర, గోగు కలిపి విత్తు పాతపద్ధతియందలి వివేకము తేటపడుచున్నది. జొన్న బెట్టకు ఎదుగుదల ఆపుకొని, వాన పడగానే తేఱుకొనును. కొఱ్ఱ సుమారు మూడు నెలలలోనే చేతికి వచ్చును. కంది వేరును లోతునకు దింపి అడుగుతేమతో బ్రతుకుచు నేలకు నత్రజనిని కూర్చును. ఒకటి పోయినను మఱియొకటి ఇంటికి వచ్చును.

శాస్త్రసంస్థలు విత్తనములను దాచుచుండగా రైతు శ్రమపడనేల యని కొందఱు విజ్ఞులు అడుగుదురు. ఆ జిల్లాలోనే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధిలో లక్షకు పైగా నమూనాలు సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో భద్రముగ నున్నవి. ఆ సేవ అమూల్యము. కాని శీతలమందిరములోని విత్తనము అచటికి చేరిన నాటి వాతావరణమునే ఎఱిగియుండును. ఏటేట నేలబడి, ఆ యేటి ఎండను, బెట్టను, తెగులును ఓర్చి నిలిచిన మొక్కనుండి మరల ఏరబడిన విత్తనమే మాఱుచున్న ఋతువులతోపాటు తానును మాఱుచు వచ్చును. ఆ ఏరికయందలి నేర్పు తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి చేని గట్టుననే సంక్రమించును. ఒక్క తరము సాగు మానినచో దానిని మరల సంపాదించుట దుస్సాధ్యము.

సంకర వంగడములు నీరు సమృద్ధిగ నున్నచోట అధికముగ పండుననుట నిజము. ఆకలి దినములలో అధికదిగుబడి వరియు గోధుమయు దేశమును ఆదుకొన్నవనుటయు మఱువరాదు. అయినను సంకరపు పంటనుండి తీసిన గింజ మఱుసటి యేట అవే గుణములను నిలుపుకొనదు గనుక రైతు ఏటేట అంగడికే పోవలెను. అప్పు చేసి విత్తినది బెట్టకు ఎండినచో మరల విత్తుటకు మరల అప్పే గతి. ఇంట విత్తనమున్న రైతు రెండవమాఱు, మూడవమాఱు విత్తగలడు. మెట్టసీమలో బ్రతుకునకును వలసకును నడుమ నుండు భేదము పెక్కుమార్లు ఇంతియే.

2001 నాటి మొక్కల వంగడముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము విత్తనమును దాచుకొనుటకు, మార్చుకొనుటకు, బ్రాండు పేరు లేకుండ అమ్ముకొనుటకు సైతము రైతునకు హక్కు నిచ్చినది. 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటింపుమని ఐక్యరాజ్యసమితిని కోరినది మన దేశమే. అట్లయ్యును కేంద్రము ప్రకటించు మద్దతు ధరల పట్టికలో కొఱ్ఱకు, సామకు చోటు లేదు. రుణమును బీమాను ఒక్కొక్క పంట పేరున లెక్కగట్టుటచే కలగలుపు చేను ఏ పద్దులోను ఇముడకున్నది. ఈ పంటలకు ధర నిర్ణయించి, సంఘములనుండియే కొని, ఆ మండలముల చౌకధరల దుకాణములలోను, బడిపిల్లల మధ్యాహ్న భోజనమునందును వినియోగింపవలెను. కలగలుపు సాగును ఒక్కటిగా గుర్తించి బీమా కల్పింపవలెను. విత్తనము కాచుచున్న స్త్రీల శ్రమకు వేతనము ముట్టజెప్పవలెను. ఇందులకు రాబోవు బడ్జెటులోనే రాష్ట్రప్రభుత్వము పద్దు కేటాయించుట న్యాయము.