మేడ మీది పళ్ల డాక్టర్

మిస్వాక్ సున్నత్ గురించి ఇంట్లో బాగానే మాట్లాడుకుంటాం. బ్రష్ పట్టుకోలేని బిడ్డ పళ్లు ఎవరు తోముతున్నారు? మాటలు రాని పిల్లాడు అన్నం నెట్టేసి చెంప కొట్టుకుంటే జిద్దు అనుకుంటాం. పంటి దర్ద్ కావచ్చు. పెనుకొండ బాబయ్య దర్గాలో దువా చేయండి, డాక్టర్‌కీ చూపించండి. హిందూపురమైనా ధర్మవరమైనా క్లినిక్ మేడ మీదుంటే వీల్‌చైర్ ఎట్లా ఎక్కాలి? ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా అడ్డంకుల్లేని దారి, వైద్యంలో ముందు వరస ఉండేలా సర్కారే చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. ఇది ఖైరాత్ కాదు, ఖానూన్. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాకా 'నిరామయ' బీమా ఉంది, పేరు రాయించండి. డాక్టర్ సాబ్, ర్యాంపు వచ్చేదాకా మీరే మెట్లు దిగి, ఆటోలో కూర్చున్న బిడ్డ నోరు ఒకసారి చూడండి.