‘స్పెషల్ స్కూల్‌లో వేయండి’ అంటున్నారా? ఆ నిర్ణయం బడిది కాదు.. చట్టం ఏం చెబుతోందంటే!

వరంగల్: ‘మీ బాబుకు ఇక్కడ కష్టం, స్పెషల్ స్కూల్‌లో వేయండి’.. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు తరచూ వినే మాట ఇది. చాలామంది ఇదే ఫైనల్ అనుకుని టీసీ తీసుకుని వచ్చేస్తున్నారు. నిజానికి ఆ నిర్ణయం స్కూల్ చేతిలో లేదు.

చట్టం ఏం చెబుతోంది?

2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, డిస్లెక్సియా కూడా ఇందులో ఉన్నాయి. సెక్షన్ 31 ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6-18 ఏళ్ల పిల్లలు దగ్గర్లోని బడిలోనైనా, స్పెషల్ స్కూల్‌లోనైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఏది కావాలో ఎంచుకునే హక్కు వాళ్లదే. వివక్ష లేకుండా చేర్చుకోవాలన్న సెక్షన్ 16 గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూళ్లకూ వర్తిస్తుంది.

మరి చిక్కు ఎక్కడ?

అమెరికాలోని మన తెలుగు పేరెంట్స్‌కు ‘ఐఈపీ మీటింగ్’ బాగా తెలుసు. ఏడాదికి ఒక్కసారైనా టీచర్లు, తల్లిదండ్రులు కూర్చుని ఆ బిడ్డ కోసం రాసుకున్న ప్లాన్‌ను సమీక్షించాలి. అక్కడ అది చట్టం. మన చట్టం పిల్లల ప్రగతిని గమనించాలని స్కూళ్లకు చెప్పింది కానీ, అలాంటి మీటింగ్‌ను తప్పనిసరి చేయలేదు. దాంతో అందరితో పాటు జరిగే పీటీఎంలో దొరికే ఐదు నిమిషాలే దిక్కు.

టీచర్ల కొరత మరో సమస్య. ప్రైమరీలో 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్రం నోటిఫై చేసింది. తెలంగాణ డీఎస్సీ-2024లో 11,062 పోస్టులుంటే, స్పెషల్ ఎడ్యుకేషన్‌కు దక్కినవి 1,016. రాష్ట్రంలో వేల బడులున్నాయి. ఇవి ఏ మూలకు?

పేరెంట్స్ ఏం చేయాలి?

* వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు ముందే తీసుకోవాలి.
* ముందు బెంచీ, పరీక్షలో అదనపు టైమ్, స్క్రైబ్.. ఏది కావాలన్నా హెడ్‌మాస్టర్‌కు రాసిచ్చి, కాపీపై సంతకం తీసుకోవాలి.
* మండలంలోని భవిత కేంద్రంలో ఐఈఆర్పీని కలవాలి. పీటీఎంకు రమ్మని అడగొచ్చు.
* ‘చేర్చుకోం’ అంటే కారణం రాసివ్వమనాలి. నోటిమాటకు రికార్డు ఉండదు, కాగితానికి ఉంటుంది.
* ఆ కాగితంతో డీఈవో ఆఫీసులోని నోడల్ ఆఫీసర్‌ను కలవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఇలాంటి అడ్మిషన్లు చూసేది ఆయనే. అక్కడా తేలకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు.