మూడు పిలుపులు

శ్రీకూర్మం వెళ్లినవాళ్లు స్వామి దర్శనం అయ్యాక నక్షత్ర తాబేళ్ల దగ్గర కాసేపు ఆగకుండా రారు. నేనూ ఆగాను. పక్కనే ఓ పెద్దాయన మనవరాలి చేత తాబేళ్లకు తోటకూర వేయిస్తున్నాడు. మాటల్లో తెలిసింది. కోర్టులో అటెండరుగా చేసి రిటైరయ్యాడట. హాలు గుమ్మంలో నిలబడి వాది, ప్రతివాదుల పేర్లు మూడేసిసార్లు పిలవడం ఆయన ఉద్యోగం.

'ఎన్ని వేల పేర్లు పిలిసుంతానో బావూ! ఒకనాడు గొంతు పట్టీసింది. గట్టిగా పిలవలేకపోనాను. జడ్జిగారు అందరి ముందరా ఒక మాటన్నారు. జీతం కోసీసినా అంత బాధుండదు...'

ఆ మాటేమిటో చెప్పలేదు. ఏ ఊళ్లోనో రాయొద్దన్నాడు. 'మరి పైవాళ్లకు చెప్పుకోలేదా తాతగారూ?' అంటే నవ్వాడు. 'ఎవులికి సెప్పుకుంతాం బావూ? న్యాయం సెప్పీవోరి మీద న్యాయమా!'

ఇంటికొచ్చినా ఆ ప్రశ్న వదల్లేదు. నిజంగానే, ఎవరికి చెప్పుకోవాలి?

కోర్టంటే మనకు జడ్జీ, నల్లకోట్లే గుర్తొస్తాయి. కట్టలు సర్దే బెంచ్ క్లర్కు, తీర్పు టైపు చేసే స్టెనో, సమన్లు పట్టుకుని ఊళ్లు తిరిగే ప్రాసెస్ సర్వరు, అమీను... వీళ్లు లేకపోతే ఒక్క వాయిదా కూడా నడవదు. వీళ్ల పనితీరు మీద రహస్య నివేదిక రాసేది పై అధికారే. సెలవు ఇవ్వాల్సిందీ ఆయనే. మంచి మాటతో పని చేయించుకునే న్యాయమూర్తులు ఎందరో ఉన్నారు. కానీ నోరు జారే ఒక్కరు తగిలితే, అవతలివాడు తలొంచుకుని నిలబడటమే.

దారి లేదా అంటే, ఉంది. రాజ్యాంగం 235వ అధికరణం కింది కోర్టుల మీద అదుపును హైకోర్టుకు అప్పగించింది. జిల్లాల్లోని న్యాయాధికారుల మీద ఫిర్యాదు వస్తే విచారించి చర్య తీసుకోవాల్సింది హైకోర్టే. అయితే ఊరూపేరూ లేని ఉత్తరం చాలదు. ప్రమాణపత్రం, ఆధారాలు ఉండాలి. ఇది అన్యాయమేం కాదు. కేసు ఓడిపోయిన ప్రతివాడూ జడ్జి మీద ఓ కార్డు ముక్క రాసి పడేస్తే నిజాయతీపరులు పనిచేయలేరు. కానీ అదే నిబంధన అటెండరు దగ్గరికొచ్చేసరికి గోడవుతుంది. పేరు రాసి సంతకం పెట్టి, మర్నాడు మళ్లీ అదే గుమ్మంలో నిలబడాలి కదా!

హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల సంగతి వేరు. వాళ్లను తొలగించాలంటే పార్లమెంటే. తీర్మానానికి నోటీసివ్వడానికే లోక్‌సభలో వందమంది, లేదా రాజ్యసభలో యాభైమంది సభ్యుల సంతకాలు కావాలి. అంతదాకా పోని ఫిర్యాదుల కోసం 1999లో న్యాయమూర్తులే తమలో తాము విచారించుకునే అంతర్గత పద్ధతి పెట్టుకున్నారు.

మన దగ్గరా ఓ సంఘటన ఉంది. ఉమ్మడి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సి.వి.నాగార్జునరెడ్డి తనను వేధించారని ఒక దళిత జూనియర్ సివిల్ జడ్జి ఆరోపించారు. 2016 డిసెంబరులో అరవైమందికి పైగా రాజ్యసభ సభ్యులు నోటీసుపై సంతకాలు చేశారు. తర్వాత కొందరు వెనక్కి తీసుకోవడంతో లెక్క యాభైకి దిగువకు పడిపోయింది. ఆరోపణ రుజువు కాలేదు, అబద్ధమనీ తేలలేదు. అది ఇద్దరికీ నష్టమే. ఫిర్యాదు చేసినాయనకు జవాబు దొరకలేదు, ఆరోపణ ఎదుర్కొన్నాయనకు కడిగిన ముత్యమన్న మాటా దొరకలేదు.

2019లో సుప్రీంకోర్టులోనే పనిచేసిన ఓ ఉద్యోగిని, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రంజన్ గొగోయ్ తనను లైంగికంగా వేధించారని న్యాయమూర్తులందరికీ ప్రమాణపత్రం పంపింది. ఆయన ఖండించారు. ఏప్రిల్ 20న ఈ విషయమై కూర్చున్న ప్రత్యేక ధర్మాసనంలో ఆయనే ఉన్నారు. ఆ బెంచిలో తాను ఉండకుండా ఉండాల్సిందని ఆయనే తర్వాత 2021లో ఒప్పుకున్నారు. విచారణ సంఘంలో మొదట మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి.రమణ ఉన్నారు. ఆమె అభ్యంతరం చెప్పడంతో ఆయన తప్పుకున్నారు. లాయరును వెంట తెచ్చుకోనివ్వలేదని చెప్పి ఆమె మధ్యలోనే విచారణ నుంచి వెళ్లిపోయింది. ఆరోపణల్లో పసలేదని మే 6న సంఘం తేల్చింది. నివేదిక బయటికి రాలేదు. 2018 డిసెంబరులో ఉద్యోగం పోగొట్టుకున్న ఆమెను 2020లో తిరిగి తీసుకున్నారు.

ఎవరిది తప్పో తేల్చడం మన పని కాదు. కానీ విచారణ ఎలా జరగాలన్నది మాత్రం మన అందరి పనీ. మామూలు ఆఫీసులో గుమస్తాకు ఇచ్చే పాటి భరోసా కోర్టులో గుమస్తాకు ఉండొద్దా? అమెరికాలో 2017 డిసెంబరులో ఫెడరల్ అప్పీలు న్యాయమూర్తి అలెక్స్ కొజిన్‌స్కీ, తన దగ్గర పనిచేసిన మహిళలు ఆరోపణలు చేయడంతో పదవి వదిలేశారు. జీవితకాలపు పదవి ఉన్నచోట కూడా కింది ఉద్యోగి గొంతు వినపడిందన్నమాట.

ఏం కావాలంటే పెద్ద కోరికలేం లేవు. సిబ్బంది ఫిర్యాదు వినేవారు అదే కోర్టు ఆవరణలోనివారు కాకూడదు. విచారణ తేలేదాకా ఫిర్యాదుదారుడిని బదిలీతో, నివేదికతో వేధించకూడదు. ఏం తేలిందో ఇద్దరికీ రాతపూర్వకంగా చెప్పాలి. ఇందులో న్యాయమూర్తి గౌరవానికి వచ్చే లోటు ఏముంది? నిందలు మోసే మంచివాళ్లకూ అదే రక్ష.

బయల్దేరేముందు పెద్దాయన్ను ఒకటడిగాను. 'మీకు ఇప్పుడైనా చెప్పుకోవాలనుందా?'

ఆయన తాబేళ్ల వైపు చూశాడు. 'మందరగిరి మోసింది ఈ సామే కదా బావూ. అమృతం పంచినప్పుడు ఎవులైనా ఈయన్ని పిలిసేరా?'

మనవరాలి చెయ్యి పట్టుకుని గుడి మెట్లు దిగిపోయాడు. జీవితమంతా పేర్లు పిలిచినవాడు. తన పేరు మాత్రం ఏ కోర్టూ పిలవలేదు.