ఆరోగ్య బీమా – ఆదాయపు హద్దు

ఇంట ఒకరు మంచము పట్టినచో నగలు, పశువులు, తుదకు పొలము సైతము చేయి దాటిపోవుట మనమెరుగనిది కాదు. ఇట్టి ఆపదనుండి పేదలను కాపాడుటకై తమిళనాడు ప్రభుత్వము 2009లో ఆరోగ్య బీమాను ఆరంభించినది. 2012 జనవరి నుండి అది ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకముగా నడచుచున్నది. బీమా రుసుమును ప్రభుత్వమే చెల్లించును. అర్హతగల కుటుంబమునకు నిర్ణీత చికిత్సలు ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఉచితముగా లభించును.

అయితే ఈ అర్హతకు ఒక హద్దు కలదు. కుటుంబ వార్షికాదాయము మొదట 72 వేల రూపాయలకు మించరాదనిరి. 2022లో ఆ హద్దును 1,20,000కు పెంచిరి. అనగా నెలకు 10 వేలు. లెక్కకు వచ్చునది తండ్రి సంపాదన ఒక్కటే కాదు, కుటుంబపు మొత్తము ఆదాయము.

నెలకు 10 వేలు వచ్చు ఇంటికి ఈ రక్షణ కలదు. పొరుగింటికి 10,500 వచ్చుననుకొందము. ఏటికి 6 వేలు అధికమైనందున ఆ యిల్లు 5 లక్షల రక్షణను కోల్పోవును. మొదటి యింట ముగ్గురు, రెండవ యింట ఏడుగురు ఉన్నను హద్దు మారదు. ఎదిగిన కొడుకు తెచ్చు కూలియే ఇంటిని హద్దు దాటించుట ఎంత విచిత్రము!

మనలో కుప్పము ప్రాంతమున బంధువులు గలవారున్నారు. ఆంధ్రదేశమున ఆరోగ్యశ్రీ 2007లో ఆరంభమైనది. 2020లో అచ్చట ఆదాయపు హద్దును 5 లక్షలకు పెంచిరి. భాష ఒక్కటైనను ఆ కార్డు మనకు చెల్లదు. మన రాష్ట్రపు కార్డే మనకు దిక్కు.

హద్దు అసలే వలదని నా వాదము కాదు. లేనివారికి ముందు దక్కవలసినదే. కాని హద్దు గోడవలె గాక మెట్లవలె ఉండవలెను. కొంచెము మించినవారు రుసుములో కొంతభాగము చెల్లించి చేరుటకు వీలు కల్పింపవలెను. ఇంటిలో తినువారి సంఖ్యను గూడ చూడవలెను. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేని బీమాను ఆరంభించినది. ఆదాయమొక్కటే కొలత కానక్కరలేదనుటకు ఇదియే తార్కాణము.

అంతవరకు ఆదాయమును తగ్గించి వ్రాయించుకొందమను తలంపు మనకు తగదు. అర్హులై యుండియు పత్రములు లేక ఆసుపత్రి గుమ్మమున నిలుచుటయు తగదు. తల్లిదండ్రులారా! జబ్బు వచ్చువరకు ఆగక, ఆదాయ ధ్రువపత్రము, రేషను కార్డు, ఆధారు కార్డు సిద్ధపరచుకొని, తిరుపత్తూరు జిల్లా కలెక్టరు కార్యాలయమున పేర్లు నమోదు చేయించుకొనుడు.

విద్యార్థులారా! ఇచ్చటి కార్యాలయముల వ్యవహారము తమిళమున సాగును. ఇంట తెలుగు, బడిలో తమిళము ఎరిగిన మీరే పెద్దలకు చేయూత. మీ వీథిలో ఒక్క అవ్వకైనను ఆ కాగితము చదివి, అర్థము చెప్పి, నింపి యిండు. మీ రెండు భాషల చదువునకు అంతకంటె సార్థక్యమేమున్నది?