స్లైడ్‌లోకి వీడియో రానంటోందా?

రేపే ప్రాజెక్టు వైవా. ముప్ఫై స్లైడ్లు చక్కగా కుదిరాయి. ఆర్నెల్ల కష్టానికి సాక్ష్యంగా నిలిచే రెండు నిమిషాల వీడియో మాత్రం ఎంత ప్రయత్నించినా లోపలికి రాదు. వచ్చినా నల్లటి పెట్టెలా కూర్చుంటుంది. లేదంటే మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు. ఇంకొందరిది మరో రకం అవస్థ. ఇంట్లో బ్రహ్మాండంగా ఆడిన వీడియో కాలేజీ సెమినార్‌ హాల్లో మొరాయిస్తుంది. సైన్స్‌ ఫెయిర్‌కి వెళ్లే పిల్లలు, డిజిటల్‌ పాఠాలు చెప్పే టీచర్లు, నాన్నగారి షష్టిపూర్తికి స్లైడ్‌షో తయారుచేసే కొడుకులూ కూతుళ్లూ... అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బందే ఇది. చాలామంది కంప్యూటర్‌ పాడైందనుకుంటారు. నిజానికి తొంభై పాళ్లు తప్పు కంప్యూటర్‌ది కాదు, వీడియో ఫైల్‌ది!

సీసా ఒకటి... సరుకొకటి!

మన వంటింట్లో హార్లిక్స్‌ సీసా ఉంటుంది. మూత తీస్తే అందులో హార్లిక్సే ఉండాలని లేదు, కందిపప్పు ఉండొచ్చు. వీడియో ఫైళ్లూ అంతే. పేరు చివర కనిపించే ఎంపీ4, ఏవీఐ, ఎంఓవీ, ఎంకేవీ లాంటివి సీసాల పేర్లు మాత్రమే. లోపలి బొమ్మనీ శబ్దాన్నీ కుదించి పెట్టిన పద్ధతి వేరు. దాన్నే ‘కోడెక్‌’ అంటారు. ఆ కోడెక్‌ పవర్‌పాయింట్‌కి తెలిసినదైతేనే వీడియో ఆడుతుంది. తెలియకపోతే సీసా ఏదైనా ఒకటే. అందుకే ఫైల్‌ పేరు చివర ఉన్న ఎంకేవీని తీసేసి ఎంపీ4 అని రాసినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. సీసా మీద చీటీ మారుతుంది, లోపలి పప్పు పప్పే.

‘వీఎల్‌సీలో బాగానే ఆడుతోందిగా?’ అన్నది మామూలుగా వచ్చే సందేహం. వీఎల్‌సీ ప్లేయర్‌ తనకు కావాల్సిన కోడెక్‌లన్నీ తనతోనే తెచ్చుకుంటుంది. పవర్‌పాయింట్‌ అలా కాదు. విండోస్‌లో ఉన్న వాటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కాబట్టి పరీక్ష పెట్టాలంటే విండోస్‌తో పాటు వచ్చిన ప్లేయర్‌లో వీడియోని నడిపి చూడండి. అక్కడా ఆడకపోతే రోగం దొరికినట్టే.

ఫోన్‌ తెచ్చే తంటా

ఈమధ్య ఎక్కువమందిని ఇబ్బంది పెడుతున్నది హెచ్‌ఈవీసీ పద్ధతి. దీన్నే హెచ్‌.265 అనీ అంటారు. తక్కువ చోటులో మంచి నాణ్యత ఇస్తుంది. 2017లో ఐఓఎస్‌ 11 వచ్చాక ఐఫోన్లు (7, ఆ తర్వాతవి) వీడియోలని మామూలుగా ఈ పద్ధతిలోనే తీస్తున్నాయి. కొన్ని ఆండ్రాయిడ్‌ ఫోన్లలోనూ ఈ సదుపాయం ఉంది. చాలా విండోస్‌ కంప్యూటర్లలో దీనికి కావాల్సిన కోడెక్‌ విడిగా వేసుకుంటే తప్ప ఉండదు. అందుకే బొమ్మ నల్లబడుతుంది.

ఐఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి కెమెరా, అందులో ఫార్మాట్స్‌ తెరిచి ‘మోస్ట్‌ కంపాటిబుల్‌’ని ఎంచుకోండి. ఇకమీదట తీసే మామూలు వీడియోలు పాత పద్ధతిలోనే వస్తాయి. ఇప్పటికే తీసేసిన వాటిని మాత్రం మార్చుకోవాల్సిందే.

మార్చడం ఎలా?

పవర్‌పాయింట్‌కి బాగా నచ్చేది ఎంపీ4 ఫైల్‌. లోపల బొమ్మ హెచ్‌.264లో, శబ్దం ఏఏసీలో ఉండాలి. అలా మార్చిపెట్టేందుకు ‘హ్యాండ్‌బ్రేక్‌’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉంది. దాని సొంత సైట్‌ నుంచే దించుకోండి. తెరిచి మీ వీడియోని అందులోకి లాగండి. ప్రీసెట్‌ దగ్గర ‘ఫాస్ట్‌ 1080పీ30’ ఉందో లేదో చూడండి. కింద ఏ ఫోల్డర్‌లో దాచాలో చెప్పి స్టార్ట్‌ నొక్కండి. రెండు నిమిషాల వీడియోకి ఎక్కువసేపు పట్టదు. వచ్చిన కొత్త ఫైల్‌ని ఇన్‌సర్ట్‌ మెనూలో వీడియో, తర్వాత ‘దిస్‌ డివైస్‌’ ద్వారా స్లైడ్‌లోకి తెచ్చుకోండి. అసలు వీడియోని మాత్రం చెరిపేయకండి. ఎప్పుడైనా పనికొస్తుంది.

లోపల ఉందా... బయట ఉందా?

ఇంట్లో ఆడి కాలేజీలో ఆగిపోవడానికి కారణం ఇక్కడుంది. పవర్‌పాయింట్‌ 2007 వరకూ వీడియో ప్రెజెంటేషన్‌ లోపలికి వచ్చేదే కాదు. అది ఫలానా చోట ఉందన్న చిరునామా మాత్రమే స్లైడ్‌లో ఉండేది. ప్రెజెంటేషన్‌ ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళితే, వీడియో ఇంట్లోనే ఉండిపోయేది. 2010 వెర్షన్‌ నుంచి వీడియో లోపలే కలిసిపోతోంది. అయినా రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. ఒకటి, వీడియోని ఎంచుకునేటప్పుడు ఇన్‌సర్ట్‌ పక్కనున్న బాణం గుర్తు నొక్కి ‘లింక్‌ టు ఫైల్‌’ ఎంచుకుంటే మళ్లీ పాత కథే. రెండు, పీపీటీ అనే పాత రకం ఫైల్‌లో పనిచేస్తున్నా వీడియో లోపలికి రాదు. కిటికీ పైన ‘కంపాటిబిలిటీ మోడ్‌’ అని కనిపిస్తే అదే సూచన. ‘సేవ్‌ యాజ్‌’తో పీపీటీఎక్స్‌గా దాచుకుని, ఆ తర్వాత వీడియోని మళ్లీ చేర్చండి.

వీడియో లోపలుందో లేదో తెలుసుకోవడానికి తేలికైన కిటుకుంది. రెండు ఫైళ్ల సైజులూ పోల్చండి. వీడియో 60 ఎంబీ ఉండి, ప్రెజెంటేషన్‌ 2 ఎంబీయే ఉంటే అది బయటే ఉన్నట్టు. లెక్క ఇంత సులువు!

ఇంకో విశేషం. పీపీటీఎక్స్‌ ఫైల్‌ నిజానికి ఓ జిప్‌ మూట. దానికి నకలు తీసి, ఆ నకలు పేరు చివర పీపీటీఎక్స్‌ బదులు జిప్‌ అని రాసి తెరవండి. లోపల పీపీటీ అనే ఫోల్డర్‌, అందులో మీడియా అనే ఫోల్డర్‌ కనిపిస్తాయి. మీరు చేర్చిన వీడియోలన్నీ అక్కడే ఉంటాయి. అసలు వీడియో పోగొట్టుకున్నవాళ్లకి ఇదో వరం.

పాత ఆఫీసుతో పేచీ

పవర్‌పాయింట్‌ 2010లో ఎంపీ4, ఎంఓవీ ఫైళ్లు చేరాలంటే క్విక్‌టైమ్‌ కావాల్సి వచ్చేది. విండోస్‌ కోసం క్విక్‌టైమ్‌ని మెరుగుపరచడం ఆపిల్‌ సంస్థ 2016లోనే మానేసింది. భద్రత రీత్యా తీసేయమని నిపుణులు హెచ్చరించారు. కాబట్టి పాత కంప్యూటర్లో ఇప్పుడు దాన్ని వెతికి వేసుకోవడం మంచిది కాదు. ఆ వెర్షనే గతి అయితే వీడియోని డబ్ల్యూఎంవీగా మార్చుకోవడం మేలు. 2013 వెర్షన్‌ నుంచి ఎంపీ4తో ఈ బెడద లేదు.

బరువు తగ్గించండి

వీడియోలు చేరాక ప్రెజెంటేషన్‌ బరువెక్కుతుంది. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే నేరుగా జతచేయలేం. విండోస్‌ పవర్‌పాయింట్‌లో ఫైల్‌, ఇన్ఫోలోకి వెళ్లి ‘కంప్రెస్‌ మీడియా’ నొక్కితే సైజు తగ్గుతుంది. ముందుగా ఓ నకలు దాచుకుని చేయండి. అక్కడే ‘ఆప్టిమైజ్‌ కంపాటిబిలిటీ’ అనే మీట కనిపిస్తే అదీ నొక్కండి. వేరే కంప్యూటర్లో ఇబ్బంది రాకుండా సర్దిపెడుతుంది. వీడియోని వాట్సప్‌లో మామూలుగా పంపించుకుంటే నాణ్యత తగ్గుతుంది. ‘డాక్యుమెంట్‌’గా పంపుకుంటే ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

ముందురోజు మరచిపోకండి

* ప్రెజెంటేషన్‌ని ఒక్కసారైనా వేరే కంప్యూటర్లో నడిపి చూడండి. అసలు పరీక్ష అదే.
* పెన్‌డ్రైవ్‌ నుంచే నడపకండి. హాల్లోని కంప్యూటర్‌ డెస్క్‌టాప్‌ మీదకి కాపీ చేసుకుని తెరవండి.
* వీడియో ఫైల్‌ని కూడా అదే ఫోల్డర్‌లో విడిగా ఉంచండి. స్లైడ్‌లో ఆడకపోతే నేరుగా నడపొచ్చు.
* ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ తీగ తగిలించగానే శబ్దం అటు మళ్లిపోవచ్చు. కింద మూలనున్న స్పీకర్‌ గుర్తు నొక్కి కావాల్సిన దాన్ని ఎంచుకోండి.
* యూట్యూబ్‌ వీడియోల లింకులనే నమ్ముకోవద్దు. నెట్‌ లేకపోతే అంతే సంగతులు.
* వీడియోలోని ముఖ్యమైన మూడు నాలుగు దృశ్యాలని ఫొటోలుగా తీసి చివరి స్లైడ్‌లో పెట్టుకోండి.

ఆ ఆఖరి మాట చిన్నదనిపించినా విలువైనది. వీడియో ఎంతకీ రాకపోతే చాలామంది పిల్లలు గొంతు తడారిపోయి, తెలిసింది కూడా చెప్పలేక కూర్చుండిపోతారు. ఫొటోలు చూపిస్తూ మాటల్లో వివరించగలిగితే ఎదుటివాళ్లకి విషయం అందుతుంది. ముందున్న మాస్టార్లు చూడాలనుకునేది పిల్లలు ఏం నేర్చుకున్నారన్నదే కదా!